పశువుల పాకలో వేడెక్కిన ప్రాసెసర్

ఆ రోజుల్లో, వయసుతో పాటు తెలివి పెరుగుతుందని అందరిలాగే నేనూ నమ్మేవాణ్ణి. నా విషయంలో మాత్రం ఆ పెరుగుదల ముందే పూర్తయిపోయిందని ఇంకా గట్టిగా నమ్మేవాణ్ణి. బెంగాల్లో, లిలువా రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. కాలేజీ అయిపోయి ఉద్యోగం దొరకని రోజులు. చాందినీ మార్కెట్లో ఒక్కో భాగం కొనుక్కొచ్చి నేనే బిగించుకున్న కంప్యూటరు తప్ప నాకు వేరే లోకం లేదు. పాపం, దాని ప్రాసెసర్ చవకరకం. అయితే కంపెనీవాళ్లు పెట్టిన వేగం కన్నా ఎక్కువగా దాన్ని పరుగెత్తించవచ్చని (దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు) పక్క క్వార్టర్‌లోని బాపీదా చెప్పాడు. ఆ క్షణం నుంచి నాకు అన్నం సయించలేదు.

పద్ధతి తేలికే. వేగాన్ని కొంచెం పెంచాలి, బరువైన పనేదైనా అప్పజెప్పాలి, చూస్తూ కూర్చోవాలి. బిగుసుకుపోతే అదే దాని హద్దని తెలుసుకుని వెనక్కి తగ్గాలి. ఒక్కోసారి తెర అసలు వెలిగేదే కాదు. అప్పుడు మూత విప్పి, లోపలున్న బిళ్లలాంటి బ్యాటరీ తీసి పెడితే, నేను చేసిన నిర్వాకమంతా మరిచిపోయి మళ్లీ లేచేది. (మనుషులకు ఆ సౌకర్యం లేదని తరవాత తెలిసింది.) "ఏట్రా, మళ్లీ దాని పేగులు తీసినావా?" అనేది అమ్మ. చివరికి మూత తీసేసి, టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పి పెడితే ఒక వేగం దగ్గర నిలబడింది. "అదే అంచు భాయ్. ఇంకాస్త కిందికి దించు, వేడెక్కితే పడిపోతుంది" అని బాపీదా బెంగాలీలో బతిమాలాడు. దించితే గొప్పేముంది? దించలేదు.

మా అక్క చర్చిలో ఆదివారం బడి టీచరు. పిల్లలకు బయట బెంగాలీ, ఇంట్లో మాత్రమే తెలుగు, అది చదవడం అసలే రాదు. అలాంటివాళ్లకు నోటితో చెప్పి చెప్పి క్రిస్మస్ నాటకం నేర్పింది. దేవదూతల పాటను నా కంప్యూటర్‌లోనే రికార్డు చేశాం. "టేపు రికార్డరు సాలదేట్రా?" అంది అక్క. "టేపా! ఏ కాలంలో ఉన్నావే?" అన్నాను. సరే, ఆ డబ్బా వేదిక మీద కనిపిస్తే బాగుండదని అక్క దాన్ని నాటకం కోసం కట్టిన పశువుల పాక వెనక పెట్టించి, పైన దుప్పటి కప్పి, గడ్డి పరిచింది. ఫ్యాను ఇంట్లోనే ఉండిపోయింది. ప్రమాదం నాకు తెలియకపోలేదు, కానీ బాపీదా ముందు వరసలో కూర్చున్నాడు.

దేవదూతలు వచ్చారు. "మేలిమి తారా..." అని పాట మొదలైంది. రెండోసారి ఆ మాట దగ్గరికి రాగానే కంప్యూటరు బిగుసుకుపోయింది. "మే-మే-మే-మే-మే..." తమ వంతు వచ్చిందనుకుని, గొర్రెల వేషం వేసిన పిల్లలు వేదిక మీదికి పరుగెత్తుకొచ్చి "మే... మే..." అని అందుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. "గొర్రెల అరుపు ఎంత సహజంగా పెట్టారమ్మా!" అని పాస్టరు గారు పొంగిపోయారు. నేను మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి ప్లగ్గు పీకేశాను. నెలల తరబడి నేర్చుకున్న పిల్లలు బిక్కమొహాలతో అక్కవైపు చూస్తున్నారు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. మరుక్షణమే గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. ఒక్కొక్కరే పిల్లలు కలిశారు. పాట పూర్తయ్యేసరికి ఎవరికీ కంప్యూటరు గుర్తులేదు.

నాటకం అయ్యాక అక్క నన్ను పక్కకు లాగింది. "ఒరే, పాట ఎంతసేపో అంతసేపే కదా పాడతాది! నువ్వు స్పీడు పెంచితే బేగి అయిపోద్దేటి? మరెందుకు పెంచినావు?"

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఈ రోజుల్లో ఏ కంప్యూటరు కొన్నా మూత విప్పను, ఇచ్చిన వేగంతోనే సర్దుకుంటాను. అయినా ఒక్క అంకె పెంచి, తెర వెలుగుతుందో లేదోనని ఊపిరి బిగబట్టే ఆ కుర్రాడి మీద నాకు కోపం రాదు. వెలిగిన ప్రతిసారీ వాడు ఇంటిల్లిపాదినీ కేకేసి పిలిచేవాడు. ఏం చూడాలో ఎవరికీ తెలియకపోయినా, చేస్తున్న పనులు ఆపి, అందరూ వచ్చి చూసేవాళ్లు.