కుడివైపు తలుపు

సెంటినరీ కాలనీలోని మా క్వార్టరులో వీధి తలుపు నా భర్త మంచానికి కుడివైపున ఉంటుంది. ఏడేళ్లుగా ఆయన ఒక్కసారి కూడా తనంతట తాను ఆ తలుపు దాటలేదు.

గనిలో పైకప్పు కూలినప్పుడు ఆయన మెడ విరిగింది. పక్కనే పనిచేస్తున్న నా తమ్ముడు అక్కడికక్కడే పోయాడు. ఆయనకు కళ్లు తప్ప ఏదీ కదలదు, మాట రాదు. ఆ కళ్లతో మాట్లాడటానికే నలభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. అక్షరాల పటం మీద నా వేలు కదులుతుంటే, కావలసిన అక్షరం దగ్గర ఆయన రెప్ప వేస్తారు.

ఈమధ్య ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఒక అమ్మాయి చక్రాల కుర్చీ తెచ్చింది. తలకు తీగల టోపీ పెడుతుంది. చెయ్యి కదిపినట్టు మనసులో అనుకుంటే చాలు, మెదడులో పుట్టిన ఆ సంకేతాన్ని పట్టుకుని కుర్చీ కదులుతుంది. ఎడమ చెయ్యి అనుకుంటే ముందుకు, కుడి చెయ్యి అనుకుంటే కుడికి. ఎడమ చెయ్యి మూడో రోజే పలికింది. కుడి చెయ్యి వారం దాటినా పలకలేదు.

"కాకకు బాగ అలవాటున్న పని ఏందో చెప్పు చిన్నమ్మా. గది తలుచుకుంటే పలుకుతది" అంది ఆ అమ్మాయి.

నాకు వెంటనే తోచింది. గనిలో పని మొదలుపెట్టే ముందు కర్రతో పైకప్పును తట్టి చూస్తారు. డొల్లగా మోగితే కూలుతుందని వెనక్కి వచ్చేస్తారు. ఆయన నిద్రలో కూడా అలా తట్టేవారు, నాకు దెబ్బలు తగిలేవి.

"ఇగో, బాయిల పైకప్పు తట్టుడు యాదికి తెచ్చుకో. నా వీపు మీద తట్టినవు గద, గట్లనే" అన్నాను.

కుర్చీ కుడికి తిరిగింది.

"ఇగ ఒక్కనివే బజారుకు పోతవు, నన్నెవరు అడుగుతరు!" అని నవ్వాను. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. సంతోషమనుకున్నాను. ఆ కళ్లు పటం వైపే చూస్తున్నాయి.

పటం అందుకుని వేలు నడిపాను. అక్షరం తర్వాత అక్షరం కూడబలుక్కున్నాను.

'నీ తమ్ముడు తట్టమన్నడు. నేను తట్టలే.'

నా వేలు చివరి అక్షరం మీదే ఉండిపోయింది. తట్టి చూసినా తెలియలేదని, అది ఎవరి తప్పూ కాదని ఇన్నాళ్లూ నమ్మాను.

మరునాడు అమ్మాయి టోపీ పెట్టబోతుంటే, "కుడి చెయ్యి అడగకు బిడ్డా. ముందుకు ఒక్కటి చాలు" అన్నాను. ఎందుకని అడిగింది. టోపీ అందుకుని నేనే ఆయన తలకు పెట్టాను.

కుర్చీ తిన్నగా వెళ్లి ఎదురుగోడ దగ్గర ఆగింది. ఆయన నా వైపు చూడలేదు. చాలాసేపటికి లేచి, నేనే కుర్చీని తలుపు వైపు తిప్పాను.