మిస్ ఒనీటా లెక్కలో లేని గడి

మా ఊరి గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల రెండేళ్లపాటు మిస్ ఒనీటాదే. ఒనీటా డషీల్ ముప్పై నాలుగేళ్లు మా కౌంటీ హైస్కూల్లో ఆల్జీబ్రా చెప్పి రిటైరయింది. ఒక సోమవారం భూతద్దం, గళ్ల నోట్‌బుక్కు పట్టుకుని వచ్చి, వంతెన అవతలి నౌకాదళ అకాడమీ పాత వార్షిక సంచికలన్నీ తీసిపెట్టమని అక్కడ పనిచేసే నన్ను అడిగింది.

సైనిక అకాడమీల్లో పిల్లల్ని చేర్చుకునేటప్పుడు జాతిని చూడవచ్చా, చూడకూడదా అని కోర్టుల్లో వాదనలు నడుస్తున్న రోజులవి. ఎవరి అంకెలు వాళ్లు చెబుతున్నారు. ఆమె ఎవరినీ నమ్మలేదు. చేరిన ఏడాది ఫొటోల పుస్తకం ఒక పక్క, పట్టా పుచ్చుకున్న ఏడాది సంచిక ఇంకో పక్క పెట్టుకునేది. ముఖం చూసి నల్లవాళ్లయితే చుక్క, తెల్లవాళ్లయితే సున్న, మరొకరైతే అడ్డగీత. చేరినవాళ్లలో ఎవరు చివరిదాకా నిలిచారన్నదే లెక్క. రెండో జత కళ్లు కావాలని నన్నూ కూర్చోబెట్టింది. ఇద్దరి గుర్తులూ కలవకపోతే కాఫీ తాగొచ్చి మళ్లీ చూసేవాళ్లం.

ఆ లెక్క వెనక ఒక మనిషి ఉన్నాడు, లెవాన్ పిండర్. పీతలు పట్టే పిండర్ల కొడుకు. ఆమె దగ్గర చదివిన నల్లపిల్లల్లో అకాడమీకి వెళ్లిన మొదటివాడు. సిఫారసు లేఖ ఆమే రాసింది. రెండో ఏడాది మొదట్లోనే సంచి భుజాన వేసుకుని తిరిగొచ్చి, వారం తిరక్కుండా ఒహాయో వెళ్లిపోయాడు. ఊరు ఊరుకోలేదు. "రంగు చూసి లోపలికి లాగారు, చదువు చూసి బయటికి తోశారు" అంది. ఇరవై రెండేళ్లయింది. మోయలేని చదువుకి పిల్లవాణ్ణి తనే పంపిందా? ఆమెకు తెలియాల్సింది అదొక్కటే.

పీతల దుకాణం బర్ల్ ఆమెను ఏడిపించడానికే గ్రంథాలయానికి వచ్చేవాడు.

"ఏం మిస్, ఇవాళ ఎంతమందిని నల్లచేశారు?"

"ఆల్జీబ్రా రెండుసార్లు తప్పినవాడివి, నీకెందుకురా లెక్కలు? ఉడికితే రంగు మారేది నీ పీతలకి. నా అంకెలు మారవు. చేతులు తుడుచుకుని కూర్చో."

లెక్క తేలింది. చివరిదాకా నిలవడంలో చుక్కలకీ సున్నలకీ నూటికి ముగ్గురికి మించి తేడా లేదు. అయితే ఆ ముగ్గురిలో లెవాన్ ఉన్నాడా, ఎందుకున్నాడు అన్నది అంకె చెప్పలేదు. ఆమె వ్యాసంగా రాస్తే ఒక పరిశోధన సంస్థ అచ్చువేస్తానంది. అచ్చుకి పంపేముందు ఒక శనివారం మధ్యాహ్నం ఊరివాళ్లకి చదివి వినిపించింది. చదవడం అయ్యాక వెనక వరుసలోంచి ఒక రిటైర్డ్ కమాండర్ లేచాడు. బూడిదరంగు కళ్లు, పాలిపోయిన చర్మం.

"నా పేరు టిల్‌మన్ అండీ, డెబ్భై తొమ్మిది బ్యాచ్. నన్నెక్కడ పెట్టారు?"

ఆమె పేజీలు తిప్పింది. "సున్న."

"మా అమ్మ వింటే గరిటె తీసేది! నల్లవాళ్ల చర్చిలో నలభై ఏళ్లు పాడిందావిడ. అకాడమీలో కూడా నన్నెవరూ తెల్లవాడనుకోలేదండీ, మొదటి రోజే కనుక్కున్నారు."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ గుర్తు మీద మా ఇద్దరికీ తేడా రాలేదు, కాఫీ కూడా తాగలేదు.

సోమవారం వచ్చి "ఇంకెందరో?" అంది. చిన్న పొరపాట్లు ఏ లెక్కలోనైనా ఉంటాయి, పంపించేయమని సంస్థవాళ్లు ఫోన్ చేశారు. "పిల్లలు అలా అంటే మార్కులు కోసేదాన్ని" అని వ్యాసం వెనక్కి తీసుకుంది.

తర్వాత దొరికిన చిరునామాలన్నిటికీ కార్డులు రాశాం. ఒకటే ప్రశ్న: మిమ్మల్ని మీరు ఏ జాతివారిగా చెప్పుకుంటారు? "మీకెందుకు?" అని పదకొండు మంది రాశారు. "అమ్మది మనీలా, నాన్నది అలబామా. మీ దగ్గర ఎన్ని గళ్లున్నాయి?" అని ఒకామె.

లెవాన్ కార్డు మూడు వారాలు ఆమె సంచిలోనే ఉంది. వేసి రానా అని అడిగితే "ఇంకా స్టాంపు అంటించలేదు" అనేది. అంటించే ఉంది. చివరికి నేనే వేశాను.

దానికి ఉత్తరం వచ్చింది. నిలబడే చదివి నా చేతికిచ్చింది.

"మిస్, నాకు చుక్కే పెట్టండి. కానీ ఎందుకొచ్చేశావని మీ కార్డు అడగలేదు. ఎప్పుడూ ఎవరూ అడగలేదు. చదువు నాకు బరువు కాలేదు, లెక్కల్లో క్లాసుకి నాలుగోవాణ్ణి. ఓడే పడలేదు. నాన్న పడవలో ఒడ్డు కనిపించినంత దూరమే పోయేవాళ్లం, సముద్రం వేరు. ఓడ మీద వేసవి శిక్షణ ఆరు వారాలూ వాంతుల బకెట్ వదల్లేదు. పిండర్ల కొడుక్కి నీళ్లు పడవని తెలిస్తే నాన్న రేవులో తలెత్తుకోగలడా? ఊరు అనుకున్నదే నయమనిపించి అనుకోనిచ్చాను. పోయినేడు ఆయన పోయాడు, ఇప్పుడు చెప్పొచ్చు. ఇక్కడ లిఫ్టులు బాగుచేస్తున్నాను. పైకీ కిందికీ తప్ప ఊగవు."

నాకు నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి ఆపుకున్నాను.

"నా సిఫారసు లేఖలో మొదటి మాట ఏమిటో తెలుసా?" అంది. "'నీళ్ల మీద పుట్టిపెరిగిన పిల్లవాడు, సముద్రం ఇతనికి కొత్త కాదు.' వాణ్ణి అడగలేదు. వాళ్ల నాన్నని చూసి రాసేశాను."

కూర్చుని, స్కేలు తీసుకుని నోట్‌బుక్కులో కుడివైపు కొత్త గడి గీసింది. పైన 'కారణం' అని రాసి, లెవాన్ చుక్కకి ఎదురుగా 'ఓడ పడదు' అని రాసింది. మధ్యలో వదిలి వచ్చినవాళ్లలో చిరునామా దొరికినవాళ్లెంతమందో లెక్కపెట్టమంది. రంగు ఏదైనా సరే, అందరినీ. నూట అరవై ముగ్గురు తేలారు. అన్ని కార్డులు తెమ్మంది.

బర్ల్ అప్పుడే వచ్చాడు. "అయ్యో మిస్, మళ్లీ మొదటికా?"

"నువ్వు మూడోసారికి పాసవలేదూ?" అంది ఆమె, తల ఎత్తకుండా.