బావగారి రెండో డిస్కు

ఈ నెల మొదట్లో ఒక తెల్లవారుజామున మా బావగారు నిద్రలోనే వెళ్ళిపోయారు. కాఫీ గ్లాసుతో కిందికి వెళ్ళిన మా ఆయన, ఆ గ్లాసు అలాగే పట్టుకుని పైకి వచ్చి, "అన్నయ్య లేవడం లేదే" అన్నారు. ఫిల్మ్ నగర్‌లో సౌండ్ పనిచేసేవాళ్ళకి బావగారు బాగా తెలుసు. బయటివాళ్ళకి మాత్రం, సినిమా అయిపోయి జనం తలుపుల వైపు నడుస్తుంటే తెర మీద పైకి పోయే పేర్లలో ఆయనదీ ఒకటి.

మా ఇంటి కింది గదే ఆయన పని గది. ఆయన భార్య, మా తోటికోడలు అక్కయ్య పోయిన తర్వాత భోజనం మాతోనే. గదిలోకి వెళ్ళేముందు చేతులు కడుక్కుని పొడిగా తుడుచుకునేవారు. ఎంత ఎండాకాలమైనా పని చేసేటప్పుడు ఫ్యాను వేసుకునేవారు కాదు. నేను మెట్లు దిగుతుంటే, "అమ్మాయ్, నీ గాజులు నీకంటే ముందొస్తాయి" అని నవ్వేవారు.

కృష్ణానగర్ నుంచి షార్ట్ ఫిల్ములు తీసుకునే పిల్లలు వైరస్ పట్టిన హార్డ్ డిస్కులు పట్టుకొచ్చేవారు. ఏడుపు మొహాలతో వచ్చినవాళ్ళని ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేవారు. "ఇంకేమీ నొక్కకండి. కంగారుపడ్డ చెయ్యి ఉన్నదాన్ని కూడా చెరిపేస్తుంది" అనేవారు.

తన పనిని మాత్రం ఎప్పుడూ రెండు డిస్కుల్లో పెట్టుకునేవారు. ఒకటి కంప్యూటరుకి ఉంటుంది. రెండోది మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో ఉంటుంది. "రెండు కాపీలు ఒకే ఇంట్లో ఉండొచ్చు, ఒకే మంచం మీద పడుకోకూడదు" అనేవారు. ఆ మాట నేను ఎన్నోసార్లు విన్నాను. విన్నానే గానీ, బుర్రకెక్కించుకోలేదు.

పోయిన దసరాకి ఆయుధ పూజ నేనే చేశాను. మైకులు, హెడ్‌ఫోన్లు, మీటలు అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టాను. బావగారు స్నానానికి వెళ్ళారు. బీరువాలో ఉన్న డిస్కుకి పూజ లేకపోతే ఎలా అనిపించింది. బండికి పూజ చేస్తే స్టార్టు చేసి ఉంచుతాం కదా. హారతి వేళకి దీనికి కూడా నీలం దీపం వెలగాలని కంప్యూటరుకి తగిలించాను. ముందురోజు ఎవరో తెచ్చిన పెన్ డ్రైవ్‌తో కంప్యూటరులోకి వైరస్ వచ్చి కూర్చుందని అప్పటికి ఎవరికీ తెలియదు. నేను హారతి ఇస్తున్నంతసేపూ అది రెండు డిస్కుల్లోని ఫైళ్ళకీ తాళాలు వేసుకుంటూ పోయింది.

బావగారు తల తుడుచుకుంటూ వచ్చి తెర చూశారు. వంగి తీగలన్నీ లాగేశారు. నేను ఏడుస్తుంటే, "నీకు అర్థమయ్యేలా చెప్పి ఉండాల్సింది నేనే" అన్నారు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో.

ఆ డిస్కుల్లో ఒక చిన్న సినిమా డబ్బింగ్ అంతా ఉంది. అందులో హీరో తల్లిగా వేసిన పెద్దావిడ, డబ్బింగ్ చెప్పి ఇంటికెళ్ళిన కొద్ది రోజులకే కాలం చేశారు. ఇంకెవరి గొంతైనా మళ్ళీ రికార్డు చేయొచ్చు, ఆవిడది మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?

నెట్ లేని ఒక పాత కంప్యూటరు దగ్గర బావగారు కూర్చున్నారు. పాడైన డిస్కుని ముట్టకుండా ముందు దాని నకలు ఇంకో ఖాళీ డిస్కులోకి తీశారు. నకలులోనే వైరస్‌ని తీసేసి, ఫైళ్ళు వెతికారు. వైరస్ తాళం వేసిన ఫైలుని కొత్తగా రాసి, పాతదాన్ని చెరిపేస్తుందట. చెరిపింది వెంటనే పోదట, దాని మీద ఇంకోటి రాసేదాకా అడుగున ఉంటుందట. అలా అడుగు నుంచి ఒక్కో మాటా తీసి, విని, పక్కన పెట్టుకున్నారు. నేను తీసుకెళ్ళిన కంచాలు అలాగే వెనక్కి వచ్చేవి. ఆ సినిమా డైరెక్టరు మెట్ల మీద కూర్చుని, "అక్కా, జర మీరన్నా చెప్పుండ్రి, సారు అన్నం గూడ తింటలేడు" అనేవాడు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

పెద్దావిడ మాటలన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. కొడుకు పనికి వెళ్తుంటే, "తలుపు దగ్గరగా వేసి వెళ్ళు నాన్నా" అనే మాట. దాని మీద వైరస్ వేరే ఏదో రాసేసింది.

నా గొంతు ఆవిడ గొంతుకి దగ్గరగా ఉంటుందని, ఆ ఒక్క మాట చెప్పమని బావగారు నన్ను మైకు ముందు నిలబెట్టారు.

"నావల్ల కాదు బావగారూ. పోయినావిడ నోట్లో నా మాట పెట్టడం పాపం."

"ఆవిడ పెదాలు కదులుతున్నాయమ్మా, మాట లేదు. అలా వదిలేస్తే పాపం కాదా?"

చెప్పాను. డైరెక్టరు ఎగిరి గంతేశాడు. "అచ్చం గట్లనే ఉన్నది సార్!"

"పెద్దావిడ కూతురికి చెప్పాకే ఇది వాడాలి" అన్నారు బావగారు.

"నేను చెప్త సార్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. విడుదల హడావుడిలో చెప్పలేదు.

సినిమా వచ్చాక ఆ అమ్మాయి బావగారికి ఫోన్ చేసి, తలుపు దగ్గర మాట అమ్మ తనతో అన్నట్టే ఉందని ఏడ్చింది. బావగారు ఫోన్ పెట్టేసి నన్ను కిందికి పిలిచారు. "ఇది ఫోన్లో చెప్పేది కాదు. గొంతు నీది. ఇద్దరం వెళ్దాం" అన్నారు. ఆ అమ్మాయి ఉండేది మాకు దగ్గర్లోనే, శ్రీనగర్ కాలనీలో. నేనే వాయిదా వేస్తూ వచ్చాను. శ్రావణ శుక్రవారం అన్నాను, సహస్రనామ పారాయణం అన్నాను, ఉపవాసం అన్నాను. "సరే, దేవుడి పని కానియ్యి" అనేవారు. భయాన్ని భక్తి వెనక దాచుకున్నానని ఆయనకి తెలుసనుకుంటాను.

ఆయన పోయిన మూడో రోజున ఆ అమ్మాయే వచ్చింది. దండ వేసిన ఫోటోకి దణ్ణం పెట్టి, "రోజూ బయటికెళ్ళే ముందు ఆ మాట ఫోన్లో ఒకసారి వింటానాంటీ. అంకుల్ దయవల్లే" అంది.

ఇక దాచలేకపోయాను. "అది అమ్మ గొంతు కాదు తల్లీ. నాది."

నా మొహంలోకి చూసింది. "అంకుల్‌కి తెలుసా?"

"నాతో చెప్పించింది ఆయనే. నీకు చెప్పాలని ఎన్నిసార్లు అన్నారో. నేనే రాలేదు."

ఫోటో వైపు తిరిగి, "మిగతావన్నీ అమ్మవేనా?" అని అడిగింది.

"అన్నీ అమ్మవే. ఒక్కొక్కటీ ఏరి తెచ్చారాయన."

తల ఊపి లేచింది. చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. నేను బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. మా వీధి వాలులో కొంత దూరం దిగి, ఎవరిదో ప్రహరీ పక్కన ఆగి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. ఏ మాట వింటోందో పైనుంచి నాకెలా తెలుస్తుంది. ఒక ఆటో ఆమె పక్కన ఆగి, హారన్ కొట్టి, వెళ్ళిపోయింది. ఆమె తల వంచుకుని అక్కడే నిలబడి ఉంది.