ఎనిమిదో సంచి

దూయితామా ఊరి సాంస్కృతిక భవనంలో పలోమా జట్టు చరిత్రకు ఒక గోడంతా కేటాయిస్తున్నారని విన్న దగ్గర్నుంచి దోన్యా ఒబ్దులియా గుండెల్లో రాయి పడింది. ఆ కొలంబియా కొండల్లో ఒక ఉన్ని మిల్లు జీతాలిచ్చి తొమ్మిదేళ్ళు నడిపిన ఆడవాళ్ళ సైకిల్ జట్టు అది. అందులో ఒక ఏడు కప్పు ఎందుకు చేజారిందో తనొక్కతెకే తెలుసని ఆమె నమ్మకం.

ఆమెను జట్టులోకి తీసుకున్నది చేతుల బలం చూసి. పలోమా ఉన్ని మిల్లు రంగుల షెడ్డులో పనిచేసేది. "తడి ఉన్ని పిండే చేతులు పిక్కలు పిండలేవా?" అన్నాడు మేనేజరు. అలా జట్టులోని ఏడుగురు ఆడపిల్లల పిక్కలు పిసికింది, బెల్లం పానకం కాచింది, వ్యానులో వాళ్ళ పోట్లాటలు తీర్చింది. పెద్దావిడని గౌరవంగా వాళ్ళు ఆమెను 'దోన్యా' అనేవారు. పందెం మధ్యలో దారి పక్కన నిలబడి తిండి సంచులు అందించేదీ ఆమే. సైకిల్ ఆగదు. దూసుకుపోతూనే చెయ్యి చాచి సంచి లాక్కుపోవాలి. పిండి బస్తాల గుడ్డతో సంచులు తనే కుట్టింది, ఏడుగురికి ఏడు. గుడ్డ మిగిలిందని తనకూ ఒకటి కుట్టుకుంది. అక్కడే కొంప మునిగింది.

ఇరవై రెండేళ్ళ కిందట, పెద్ద పందెం ఆఖరి రోజు. అందరికంటే ముందున్నది యోలీమా. కనుమ ఎక్కి దిగితే కప్పు పలోమాదే. జల్లులో రివ్వున వచ్చిందామె. ఒబ్దులియా చేతికి తగిలిన సంచి అందించింది. తక్కిన ఆరుగురూ సంచులు పట్టుకుపోయాక, పుట్టబోయే మనవరాలి కోసం అల్లుతున్న స్వెట్టరు తీద్దామని భుజాన మిగిలిన సంచిలో చెయ్యి పెట్టింది. ఉప్పేసి ఉడికించిన బంగాళాదుంపలు తగిలాయి.

అల్లిక కనుమ ఎక్కుతోంది.

ఎవరైనా చూస్తే? ఆమెకు తోచిన దారి ఒక్కటే. నాలుగు దుంపలు, రెండు జామ హల్వా ముక్కలు నిలుచున్నపళంగా తినేసి, పైన సీసాడు పానకం తాగేసింది. యోలీమా పదకొండు సెకన్ల తేడాతో ఓడిపోయింది. ఆ సాయంత్రం ఒబ్దులియా ముద్ద ముట్టకపోతే, "పాపం, దోన్యా ఎంత కుమిలిపోతోందో" అని పిల్లలంతా ఆమె వీపు నిమిరారు.

"కాళ్ళు సహకరించలేదు" అంది యోలీమా పత్రికలవాళ్ళతో. సంచి మాట ఎత్తలేదు. ఒబ్దులియా కూడా ఎత్తలేదు. రెండేళ్ళకు మిల్లు మూతపడింది, జట్టు చెదిరిపోయింది. పెళ్ళిళ్ళలో, చావుల్లో ఎదురుపడ్డా ఇద్దరూ వానల గురించే మాట్లాడుకునేవారు.

ఇప్పుడు గోడ మీదా ఆ కాళ్ళ అబద్ధమే రాస్తారన్నమాట. రాసేలోగా చెప్పేయాలని, ఫొటోలు తగిలించే రోజున ఒబ్దులియా వెళ్ళింది. యోలీమా అప్పటికే అక్కడుంది. చేతిలో ఆనాటి పిండిబస్తా గుడ్డ సంచి.

"తల్లీ, ఒక మాట చెప్పాలి. ఆ ఏడు కనుమ కింద..."

"నాకెందుకు తెలీదు దోన్యా? ఆకలేసి తెరిచి చూస్తే స్వెట్టరు! కొరుక్కు తినమంటారా?"

"అయ్యో!"

"విసిరేద్దామనే అనుకున్నా. పైకెక్కేసరికి చలి. దిగేటప్పుడు చలిగాలి ఛాతీకి కొట్టకుండా అందరూ జెర్సీలో పేపర్లు దోపుకుంటారు కదా, నేను మీ మనవరాలి స్వెట్టరు దోపుకున్నా. అదే లేకపోతే వేళ్ళు కొంకర్లుపోయి బ్రేకు పట్టలేక లోయలో పడేదాన్ని."

"మరి ఇన్నేళ్ళూ నోరు విప్పలేదేం?"

"విప్పితే మేనేజరు మిమ్మల్ని వ్యాన్లోంచి దింపేసేవాడు. ఇంకెవరో వచ్చి మా పిక్కలు పిసికేవాళ్ళు. అబ్బే!" అని, కాస్త వంగి అడిగింది యోలీమా. "అది సరే, నా దుంపలేమయ్యాయి?"

ఒబ్దులియా ముఖం కందగడ్డలా అయింది. "తినేశాను."

"నాలుగూనా?"

"హల్వా కూడా."

యోలీమా గోడకు చేరగిలబడి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. "అయితే అదే రాయించండి. ఇరవై రెండేళ్ళుగా నా కాళ్ళు మోస్తున్నాయి ఆ నింద."

అదే రాశారు. ఆ ఏడు ఫొటో కింద, యోలీమా సంచిలోంచి తీసిచ్చిన ఒంటిచేతి నీలం స్వెట్టరు వేలాడుతోంది. రెండో చెయ్యి అల్లేద్దామని ఒబ్దులియా నాలుగు కొట్లు తిరిగింది. తన షెడ్డులో, తన చేత్తో కలిపిన ఆ నీలం ఇప్పుడెక్కడా దొరకడం లేదు.