రెండు పట్టాలకు అడ్డుపడిన ఈతకొలను

మార్లిస్ క్వామె మొన్న ఏప్రిల్‌లో రిటైరైంది. మా జిల్లా కరెంటు సహకార సంఘం వాళ్ళు చర్చి కింది హాల్లో కాఫీ, కేకు ఏర్పాటు చేశారు. నలభై ఏళ్ళు పశువుల కొట్టాలు తిరిగి, ఆవులకు షాకు ఎక్కడి నుంచి కొడుతోందో పట్టుకున్న మనిషి కదా, పాడిరైతులు హాలు నిండా వచ్చారు. ఒకాయన లేచి, ఫిజిక్స్ చదివింది కాబట్టి కారణం తేలేదాకా వదిలేది కాదు, ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివింది కాబట్టి బాగుచేయకుండా వెళ్ళేది కాదు అన్నాడు. అందరూ తలలూపారు. నేను మాత్రం కేకు పక్కన పెట్టేశాను. ఆ రెండు పట్టాలూ ఆమె చేతికి రాకుండా చేయబోయిన ప్రబుద్ధురాలిని నేనే.

నా పేరు జాయిస్ ఆస్ట్‌బీ. గుట్ట మీది మా చిన్న కాలేజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు విద్యార్థుల రికార్డులు చూశాను. ఎవరు ఏ పరీక్ష రాశారు, ఎవరికి ఇంకా ఏం మిగిలింది, పట్టా ఇవ్వొచ్చా లేదా అన్నది నా బల్ల దాటాకే డీన్ బల్ల మీదికి వెళ్ళేది. నేను తప్పు చేయనని ఊళ్ళో పేరు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ నన్ను దగ్గర్నుంచి చూసిన వాళ్ళయితే కాదు.

మార్లిస్ మా కాలేజీకి పదకొండు మైళ్ళ దూరంలోని పాడి పొలం నుంచి వచ్చింది. వాళ్ళ నాన్న ఆర్విల్ క్వామె దగ్గర నలభై ఆవులుండేవి. ఆమె హైస్కూల్లో ఉండగా ఆ ఆవులు నీళ్ళ తొట్టి దగ్గరికి రావడం, మూతి పెట్టడం, ఉలిక్కిపడి వెనక్కి పోవడం మొదలైంది. దాహంతో నిలబడి ఉండేవి గానీ తాగేవి కావు. పాలు పడిపోయాయి. పశువుల డాక్టరు దాణా మార్చమన్నాడు. కరెంటు వాళ్ళు వచ్చి, మీటరు పెట్టి, అంతా బాగానే ఉంది అని రాసి వెళ్ళిపోయారు. ఆర్విల్ అసలే మాటలు తక్కువ మనిషి. ఆరు ఆవుల్ని అమ్మేసిన రోజు రాత్రి భోజనం కూడా చేయలేదట.

మా దగ్గర చేరిన మొదటి వారంలోనే ఈ పిల్ల ఫిజిక్స్ ప్రొఫెసర్ బ్రెక్కె గదికి వెళ్ళి ఆవుల సంగతి చెప్పింది. ఇంకొకరైతే నవ్వి పంపేసేవారు. ఆయన లాబ్ నుంచి మంచి మీటరు తీసి ఆమె చేతిలో పెట్టి, శని ఆదివారాలు ఇంటికెళ్ళి తొట్టికీ తడి నేలకీ మధ్య కొలిచి రమ్మన్నాడు. ఒకటిన్నర వోల్టు వచ్చింది. రబ్బరు గమ్‌బూట్లు తొడుక్కున్న మనిషికి అది తెలియను కూడా తెలియదు. తడి మూతికి తెలుస్తుంది. కరెంటు తిరిగి వెళ్ళాల్సిన దారిలో పూర్తిగా వెళ్ళక కొంత నేలలోంచి పోతోందని బ్రెక్కె ఆమెకు బొమ్మ గీసి చూపించాడు. మరి దాన్ని ఆపడం ఎలా అని అడిగితే, అమ్మాయ్, ఎందుకు జరుగుతోందో చెప్పగలను గానీ ఆపడం నాకు రాదు, అది ఇంజినీర్ల పని అని ఉన్నమాట చెప్పేశాడు. అరవై ఏళ్ళ ప్రొఫెసరు నాకు రాదు అని ఒప్పుకోవడం మార్లిస్‌కు తెగ నచ్చింది. అప్పుడే ఆమె మూడు-రెండు చదువులో చేరింది.

మూడు-రెండు అంటే, మా దగ్గర మూడేళ్ళు ఫిజిక్స్, దాంతోపాటు అందరిలాగే చరిత్ర, తత్వశాస్త్రం, మత గ్రంథం. తర్వాత నగరంలోని ఇంజినీరింగ్ కాలేజీలో రెండేళ్ళు. ఐదో ఏడు చివర రెండు పట్టాలూ కలిసే వస్తాయి. ఒకటి ఆగితే రెండోదీ ఆగుతుంది. ఏటా ఏ ఇద్దరో ముగ్గురో ఇందులో చేరతారు, అందులో సగం మంది స్నేహితుల్ని వదిలి వెళ్ళలేక నాలుగో ఏడు ఇక్కడే ఉండిపోతారు. మార్లిస్ వెళ్ళింది.

ఇప్పుడు నా ఘనకార్యం వినండి. మా కాలేజీలో ఏ పట్టాకైనా ఈత వచ్చి తీరాలి. కొలనులో ఆ చివరికి ఒకసారి, ఈ చివరికి ఒకసారి. మధ్యలో కాలు నేలకు ఆనకూడదు, గట్టు పట్టుకోకూడదు. ఎంతసేపు పట్టినా ఫరవాలేదు. ఈత పరీక్ష పూర్తికాని వాళ్ళెవరో నాలుగో ఏడు మొదట్లో జాబితా తీసి పిలిపించడం నా పని. మూడు-రెండు పిల్లలకు మా దగ్గర నాలుగో ఏడే లేదు కదా. వాళ్ళ కాగితాలు మూడో ఏడు వసంతంలోనే చూడాలి. నేను చూడలేదు. రెండేళ్ళు మార్లిస్ ఫైలు అలాగే పడి ఉంది.

ఎనభై మూడు మే నెలలో, పట్టాల పండుగకు తొమ్మిది రోజుల ముందు, అందులో ఈత ఎదురుగా ఖాళీగా ఉన్న గడి నా కంట పడింది. వచ్చే శుక్రవారం మధ్యాహ్నానికి డీన్ జాబితా మూసేస్తాడు. తప్పితే మళ్ళీ ఏడాది. కరెంటు సహకార సంఘంలో జూన్ ఒకటి నుంచి మార్లిస్‌కు ఉద్యోగం సిద్ధంగా ఉంది, రెండు పట్టాలూ చూపిస్తేనే. లేకపోతే ఇంకొకరిని తీసుకుంటామని ముందే చెప్పారు. పైగా నేను ఆ చలికాలంలోనే ఒక పిల్లాడి మార్కులు ఇంకొకడికి ఎక్కించి, ఇంకోసారి జరిగితే వేరే పని చూసుకోండి అని డీన్ చేత అనిపించుకున్నదాన్ని.

నగరంలో చదువు ముగించుకుని ఇంటికొచ్చిన మార్లిస్‌ను పిలిపించి, డీన్ నాతో అన్న మాటతో సహా అంతా చెప్పాను. ఆమెకు నీళ్ళంటే భయం. ఎనిమిదేళ్ళప్పుడు చలికి గడ్డకట్టిన చెరువు మీద నడుస్తుంటే మంచు విరిగి లోపల పడిందట. అప్పట్నుంచి స్నానానికి కూడా తల నీళ్ళ కింద పెట్టదు. "నన్నెవరూ అడగలేదు, నేనూ అడగలేదు మిసెస్ ఆస్ట్‌బీ. మర్చిపోయారేమో అని సంతోషించా" అంది.

నేను తలుపు మూసి పెన్ను తీశాను. ఒక్క టిక్కు. ఎవరు చూడొచ్చారు? ఆ మాటే అన్నాను కూడా.

"వద్దండి. మా కొట్టంలో అంతా బాగుందని రాసి వెళ్ళిపోయింది కూడా ఇలాంటి పెన్నే" అంది. అని ఏడ్చింది. మొండిఘటం అనుకుని పెన్ను మూసేశాను. నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది.

నేను రోజూ పొద్దున్నే ఆ కొలనులోనే ఈదేదాన్ని. తప్పు నాది కాబట్టి నేర్పే పూచీ నేనే తీసుకున్నాను. శనివారం నీళ్ళలో దిగింది, మోకాళ్ళ దాకా. ఆదివారం నడుం దాకా. సోమవారం వెల్లకిలా పడుకోబెట్టి వీపు కింద చెయ్యి పెడితే కొయ్యలా బిగుసుకుపోయింది. చెయ్యి తీస్తే మునిగి, నా మెడ పట్టుకుని నన్నూ ముంచింది. ఆ సాయంత్రం ఆఫీసులో చెవుల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

మంగళవారం ప్రొఫెసర్ బ్రెక్కె వచ్చాడు. కోటు, టై, టోపీతో గట్టు మీద నిలబడి, మనిషి శరీరం ఎంత నీటిని పక్కకు తోస్తుందో, ఆ నీరు మనిషిని ఎంత బలంతో పైకి నెడుతుందో వివరించడం మొదలెట్టాడు. మార్లిస్ పళ్ళు టకటకలాడుతుంటే అంది: "ఆ పాఠంలో నాకు మీరే మొదటి గ్రేడిచ్చారు సార్. ఆ సంగతి నా కాళ్ళకి తెలీదు."

నాకు ఒళ్ళు మండి, అంత తెలిసిన వారు మీరే దిగి చూపించొచ్చుగా అన్నాను. ఆయన టోపీ తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. చివరికి, తనకు ఈత రాదన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాడు, ఒక్కసారి కూడా నీళ్ళలో దిగలేదు. పరీక్ష పిల్లలకే గానీ ప్రొఫెసర్లకు కాదు కదా.

మరునాడు పొద్దున ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న నిక్కరుతో, బక్క కాళ్ళతో, కళ్ళజోడు తీయకుండానే లోతు తక్కువ వైపు దిగాడు. ఇద్దరూ పక్కపక్కన వెల్లకిలా పడుకున్నారు. ఆయన వెంటనే మునిగి దగ్గుతూ లేచాడు. మార్లిస్‌కు నవ్వొచ్చింది. ఆ నవ్వులో బిగుసుకోవడం మరిచిపోయింది. నా చెయ్యి ఆమె వీపు కింద లేదని ఆమె గమనించేసరికి చాలాసేపైంది. అంతకు మించి మేం ఆమెకు నేర్పిందేమీ లేదు.

గురువారం సాయంత్రం పరీక్ష. వ్యాయామ విభాగం నుంచి ఒకావిడ ఈల, కాగితం బిగించిన అట్ట పట్టుకుని వచ్చింది. వెళ్ళేటప్పుడు మార్లిస్ కుక్క ఈత ఈదింది. అవతల చివర లోతు పన్నెండడుగులు. అక్కడ తిరిగింది. సగం దూరం వచ్చాక చేతులు ఆగిపోయాయి. నేను బట్టలతోనే దూకబోయాను. ఆమె వెల్లకిలా తిరిగింది. నిశ్చలంగా పడుకుని పైకప్పు చూస్తూ ఊపిరి తీసింది. ఎంతసేపో తెలియదు. తర్వాత కాళ్ళు మెల్లగా కొట్టుకుంటూ జానెడు జానెడు వచ్చింది. ఇవతలి గట్టు దగ్గర బ్రెక్కె ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి, చేయి చాచకుండా ఉండడానికి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. మొత్తం ఇరవై రెండు నిమిషాలు. ఆ గడిలో నిజం టిక్కు పడింది.

శుక్రవారం పొద్దున జాబితా తీసుకుని డీన్ దగ్గరికి వెళ్ళాను. రెండేళ్ళ కిందటి పరీక్ష నిన్న ఎందుకు జరిగిందని ఆయన ఎలాగూ అడుగుతాడు. ఉన్నది చెప్పేసి, ఉద్యోగం పోతే పోయిందనుకునే వెళ్ళాను. నేను నోరు తెరవకముందే ఆయన ఒక కాగితం నా ముందుకు తోశాడు. మార్లిస్ చేతిరాత.

"ఈత పరీక్షకు మిసెస్ ఆస్ట్‌బీ నన్ను మూడుసార్లు పిలిచారు. భయపడి మూడుసార్లూ జలుబని తప్పించుకున్నాను. ఆలస్యానికి తప్పు నాదే, వారిది కాదు."

నేనామెను ఒక్కసారి కూడా పిలవలేదు. పట్టా కోసం ఒక్క టిక్కు అబద్ధం ఒప్పుకోని పిల్ల, నాకోసం మూడు అబద్ధాలు రాసి సంతకం పెట్టింది.

ఇంతేనా అని డీన్ అడిగాడు. కాదని చెప్పాలి. "అవునండి" అన్నాను. ఆయన జాబితా మీద సంతకం చేశాడు. బయటికొచ్చి బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత నా ఉద్యోగం ఇరవై రెండేళ్ళు నడిచింది. దాని మీదే నా పిల్లలు చదువుకున్నారు. మార్లిస్‌కు కృతజ్ఞతలు చెబుదామని ఎన్నోసార్లు మొదలెట్టాను. ప్రతిసారీ ఆమె వాతావరణం సంగతి ఎత్తేది.

ఆదివారం పట్టాల పండుగ. మార్లిస్‌తో చేరిన వాళ్ళంతా కిందటేడే వెళ్ళిపోయారు. ఆ వరసలో ఆమెకు ఒక్క ముఖం తెలియదు. మిగతా పిల్లలు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుంటుంటే ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. మా వాళ్ళు చప్పట్ల దగ్గర మహా పొదుపు. అందరి పేర్లూ అయ్యేదాకా చప్పట్లు కొట్టవద్దని కార్యక్రమం కాగితం మీద ఏటా అచ్చు వేస్తాం. ఆ వాక్యం టైపు చేసేది నేనే.

"మార్లిస్ క్వామె. ఫిజిక్స్. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్" అని చదివారు. ఒక్క దగ్గు కూడా వినిపించలేదు. ఆమె మెట్లెక్కుతోంది.

నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఆరొందల మంది తిరిగి చూశారు. డీన్ కళ్ళజోడు మీది నుంచి చూశాడు. నేను ఆపలేదు. ప్రొఫెసర్ల వరసలో బ్రెక్కె లేచాడు. వెనక ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది, ఆర్విల్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మార్లిస్ వేదిక మీద ఆగి, నా వైపు తిరిగి, ఇక చాలన్నట్టు తల అడ్డంగా ఊపింది. చేతులు మండేదాకా కొడుతూనే ఉన్నాను.