వేటకు ఒక ఫ్యామిలీ

ఖురియాత్ వైపు కొండలు చూపిస్తానని బాపు అన్నప్పుడు నేను ముందు నమ్మలేదు. గల్ఫ్‌లో మేముండే ఈ అల్ అమెరాత్‌లో మా ఇంటి కిటికీ తీస్తే ఎదురుగా కొండలే, ఒక్క చెట్టూ లేనివి. ఊరి నుంచి వచ్చి అమ్మా నేనూ బాపు దగ్గర ఉంటున్న ఇన్నేళ్ళలో వాటి దాకా ఒక్కసారీ పోలేదు. బాపుకు శుక్రవారం ఒక్కటే సెలవు. ఆ సెలవు ఆయన స్నేహితులది.

"వచ్చే శుక్రారం పోదాం. నువ్వు గూడ తయారుండు బిడ్డా," అన్నాడు.

ఏ పుస్తకం తీసుకెళ్ళాలా అని అప్పుడే ఆలోచనలో పడ్డాను. అమ్మ పులిహోర చేస్తానంది. డైరీలో పేజీ నిండా రాసుకున్నాను. ఇప్పుడు అది చదివితే ఒళ్ళు మండుతుంది.

ఆ మధ్యాహ్నమే ఇద్దరు భోజనానికి వచ్చారు. ఒకరు బాపు కంపెనీలో పికప్ నడిపే జగిత్యాల కాక. ఇంకొకరు మా వీధి చివర మాంసం కొట్టులో పనిచేసే హైదరాబాద్ చాచా. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే వాళ్ళ మాటలు వినబడ్డాయి.

బాపు పనిచేసే సైట్ ఆ ఖురియాత్ కొండల అంచునే ఉంది. అక్కడ ట్యాంకు నీళ్ళు కారి నిలిచిన గుంటకు జింకలు దిగుతున్నాయట. తుపాకీ మావాళ్ళకు ఎక్కడిది? ఊళ్ళో చెలకల్లో అడవిపందులకు పెట్టినట్టే ఉచ్చులు పెడదామని బాపు ఆలోచన. సైట్లో కడ్డీలు కట్టే బైండింగ్ వైరు నాలుగు పేటలు పేనితే చాలట. గురువారం డ్యూటీ దిగేటప్పుడు పెట్టి, శుక్రవారం పొద్దున్నే పోయి చూడాలి.

"సచ్చినంక కోస్తే హరామ్ భాయ్," అన్నాడు చాచా. "జాన్ ఉండంగనే నా చేతికి రావాలె. లేకుంటే నేను ముట్ట."

"నువ్వు ముట్టకుంటే మాకింకో తొడ మిగులుతది తీ," అని కాక నవ్వాడు.

ఇక్కడ జింకను వేటాడితే జైలు. ఆ తర్వాత బాపు వీసా పోతుంది, ఆయన వీసా మీద ఉన్న అమ్మా నేనూ కూడా దేశం విడవాలి. కంచె లేని ఆ కొండలు మన గుట్టల్లాగే ఎవరివీ కావని బాపు వాదన. అయినా భయం లేకపోలేదు.

"తొవ్వల పోలీసోళ్ళు ఆపితే?" అని చాచా అడిగాడు.

"ముగ్గురు మొగోళ్ళం పోతే ఆపుతరు. ఆడపిల్ల ముందట కూసుంటే ఫ్యామిలీ అనుకొని పోనిస్తరు," అన్నాడు బాపు. "ఎనుక కూలర్ల మాంసం, మీద పులిహోర డబ్బా."

"గట్లయితే వదినను తీస్కపోదాం," అన్నాడు కాక.

"ఆమె ఘాట్ ఎక్కితే తొవ్వ పొడుగూత కక్కుడే. పిల్లనే నయం. మాట్లాడది గూడ."

నేను చాయ్ తీసుకుని హాల్లోకి వెళ్ళాను. కప్పులు కింద పెట్టి, "నేను రాను బాపు," అన్నాను.

"అగో! గీ పిల్లకు మాటలు గూడ వస్తయా వదినా!" అన్నాడు కాక.

"ఎందుకు రావు? కొండలు, కొండలు అని మీ అమ్మ పానం తీస్తివి గద?" అన్నాడు బాపు.

"దొరికితే మనందరినీ పంపిస్తరు."

"గదే చెప్తున్న. నువ్వుంటే దొరకం."

సైట్లో మనుషులకు పని పంచే గొంతుతోనే అన్నాడు.

వంటింటి గుమ్మంలోంచి అమ్మ, "పోరాదు బిడ్డా. బాపు పిలువక పిలువక పిలిచిండు," అంది. అమ్మకు అన్నీ వినబడ్డాయి. నేను మళ్ళీ రాననే అన్నాను.

ఫ్యామిలీ లేకుంటే బండి తియ్యనని కాక తేల్చేశాడు. వేట ఆగిపోయింది. మేమంతా ఇంకా ఈ దేశంలోనే ఉన్నాం. ఆ వారమంతా బాపు నాతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా అమ్మకు చెప్పాడు, నేను పక్కనే ఉన్నా.

శుక్రవారం ముగ్గురూ గాలాలు పట్టుకుని ఖురియాత్ సముద్రానికి బయల్దేరారు.

"ఇయ్యాల భయమేం లేదు గద. పిల్లను తీస్కపోరాదు," అంది అమ్మ.

బాపు చెప్పులు తొడుక్కుంటూ, "చేపలకెందుకు ఆమె?" అన్నాడు.

కింద కాక హారన్ కొట్టాడు. బాపు గబగబా మెట్లు దిగిపోయాడు.