విమానం మెట్ల కింద ఒప్పుకున్న మాట

ఇంత దూరం నన్ను మోసుకొచ్చిన దేవునికి స్తోత్రం, సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు. నా పేరు కరుణ, మాది రేపల్లె, ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఈ తెనాలిలో స్వస్థత కూటాలు జరిగినప్పుడు నన్ను చూసి చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా మీలో ఉండే ఉంటారు, ముందు ఆ సంగతే చెబుతాను.

కొన్నేళ్ళ కిందట నేను వస్తున్న ఆటోను లారీ గుద్దింది. ప్రాణం దక్కింది గానీ వెన్నుపూస చితికిపోయి నడుము కింద నుంచి స్పర్శ లేకుండా పోయింది. చీమ కుట్టినా తెలియదు, పడుకుని పడుకుని పుండు పడినా తెలియదు, వాసనొస్తే తెలియాలి. ఇలా చెబితే కొందరికి వికారంగా ఉంటుంది, ఉండనివ్వండి, జరిగింది జరిగినట్టు చెప్పకపోతే అది సాక్ష్యం కాదు.

మా అమ్మ రత్నమ్మ ప్రార్థనాపరురాలు. బాపట్లలో కూటాలంటే బాపట్లకు, తెనాలిలో అంటే ఇక్కడికి, నన్ను కారు వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకొచ్చేది. దైవసేవకులు తల మీద చేతులుంచి ప్రార్థించేవారు, ఇద్దరు మనుషులు చంకల కింద చేతులేసి లేపేవారు, పందిరంతా హల్లెలూయా అని మోగిపోయేది, వాళ్ళు వదలగానే నేను గోనెసంచిలా కూలిపోయేదాన్ని. అయినా అమ్మ వదల్లేదు. "నడవలేను అన్న మాట నీ నోట రాకూడదు, ఒప్పుకున్నావంటే అదే ఖాయమైపోతుంది" అని గట్టిగా చెప్పింది. అప్పటి నుంచి ఎవరు పలకరించినా మా ఇంట్లో ఒకటే జవాబు, నడుస్తుందండి, దేవుడు నడిపిస్తాడండి అని. చుట్టాలొస్తే నా చక్రాల కుర్చీ బీరువా వెనక్కి పోయేది. కుర్చీ కనబడకపోతే విశ్వాసం నిలబడుతుందని అమ్మ అనుకునేది, కుర్చీ లేకపోతే నేను బాత్రూముకు ఎలా పోవాలో మాత్రం ఎవరికీ పట్టేది కాదు.

మా చెల్లెలు శాంతి ఒక్కతే ఈ నాటకంలో చేరలేదు. నన్ను పక్కకు తిప్పడం, స్నానం చేయించడం, పుండు కడగడం అన్నీ తనే చేసేది. "నువ్వు నడవలేవే అక్కా, అయినా నా ప్రాణం తీయడానికి నీకు కాళ్ళెందుకు" అని నవ్వేది, ఆ మాటకు నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. తర్వాత తనకు బాపట్ల సంబంధం కుదిరింది. మరిది ఏసీ మెకానిక్కు, పని ముంబైలో, పెళ్ళవగానే ఇద్దరూ అక్కడికే వెళ్ళిపోయారు. ఇక నాతో నిజం మాట్లాడే మనిషే లేకుండా పోయింది.

పోయినేడు శాంతికి కడుపులో క్యాన్సరని తేలింది. ఎన్ని మందులు వాడినా లొంగలేదు. ఒకరోజు మరిది ఫోన్ చేసి ఏడ్చాడు. "వదినా, డాక్టర్లు చేతులెత్తేశారు. మేమందరం నీకేం కాదు, నీకేం కాదు అంటుంటే తను గోడవైపు తిరిగి పడుకుంటోంది. అక్కను పిలిపించు, అక్కయితే నిజం మాట్లాడుతుంది, ఒక్కసారి మాట్లాడి పోతాను అంటోంది" అన్నాడు. రైల్లో అంత దూరం కూర్చుంటే నా పుండు మళ్ళీ తిరగబెడుతుందని, తనే విమానం టికెట్లు తీశాడు.

ఆ విమానం ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. వీల్ చైర్ అడిగారు కదండి, ప్యాసింజర్ మెట్లు ఎక్కగలరా, లోపల సీటు దాకా నడవగలరా అని అడిగింది. ఫోన్ అమ్మ చేతిలో ఉంది. "నడుస్తుందండి, దేవుడు నడిపిస్తాడండి" అంది అమ్మ. ఆ అమ్మాయికి తెలుగు తెలుసు గానీ మన కూటాల తెలుగు తెలియదు కదా, నడుస్తుందంటే నడుస్తుందనే రాసుకుంది. నేను పక్కనే ఉన్నాను. అమ్మ మొహం చూస్తే నా నోరు పెగల్లేదు.

విమానాశ్రయంలో లోపలికి వెళ్ళేదాకా అంతా బాగానే జరిగింది. నా కుర్చీ సామానుతో పంపేసి, వాళ్ళ కుర్చీలో నన్ను తోసుకుంటూ విమానం దగ్గరకు తీసుకెళ్ళారు. అక్కడ చూస్తే మెట్లు. యూనిఫాం వేసుకున్న అమ్మాయి వంగి, "అక్కా, ఇక్కడి నుంచి మీరు ఎక్కేస్తారు కదా, అలాగే రాసుందండి" అంది. అప్పుడు మా అమ్మ సంచి కింద పెట్టేసి, ఆ ఎర్రటి ఎండలో రెండు చేతులూ పైకెత్తి ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, ఇదే గడియ, నా బిడ్డను ఇక్కడే లేపు తండ్రీ, వీళ్ళందరి కళ్ళ ముందు నీ నామం ఘనపరచుకో" అంటూ వచ్చి నా చంకల కింద చేతులేసింది. విమానం కిటికీల్లోంచి జనం చూస్తున్నారు. కూటాల్లో అయితే పడిపోయినా పట్టుకోవడానికి మనవాళ్ళుండేవారు, ఇక్కడ సిమెంటు నేల తప్ప ఏమీ లేదు.

నేను కళ్ళు మూసుకున్నాను. అయ్యా, నా కాళ్ళ సంగతి నీ ఇష్టం, ఈ పూట నా నోరు విడిపించు, నా చెల్లి ఎదురుచూస్తోంది అని ప్రార్థించాను. కళ్ళు తెరిచి అమ్మ చేతులు తీసేసి గట్టిగా చెప్పాను. "నేను నడవలేనండి. ఒక్క అడుగు కూడా వేయలేను. నడుము కింద నాకేమీ తెలియదు, నన్ను ఎత్తి కూర్చోబెట్టాలి." సహోదరులారా, ప్రమాదం జరిగాక ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. అమ్మ చెంపదెబ్బ తిన్నట్టు నిలబడిపోయింది.

"అయ్యో, ముందే చెప్పుంటే లిఫ్టు బండి పెట్టించేవాళ్ళం కదక్కా" అని ఆ అమ్మాయి వైర్‌లెస్‌లో ఎవరెవరితోనో మాట్లాడింది. బండి వేరే విమానం దగ్గర ఉందట, అది వచ్చేదాకా విమానం ఆగదట. మమ్మల్ని పక్కకు తెచ్చేశారు. మా కళ్ళ ముందే విమానం తలుపు వేసుకుని వెళ్ళిపోయింది, సాయంత్రం విమానంలో పంపిస్తామన్నారు.

ఆ మధ్యాహ్నం గడిచిన తీరు నా శత్రువుకు కూడా వద్దు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేను ఒప్పుకుంటే దేవుడు కూడా ఒప్పేసుకుంటాడేమోనని భయమే నాకు" అంది. అది విశ్వాసం అనుకున్నాను ఇన్నాళ్ళూ, లోపల అంత భయం ఉందని నాకు తెలియదు. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం.

సాయంత్రం లిఫ్టు బండి తెచ్చారు, గదిలాంటి డబ్బా నన్ను విమానం తలుపు దాకా లేపింది, సీట్ల మధ్య పట్టే సన్నటి కుర్చీలో లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. ముందే ఒక్క మాట చెప్పుంటే పొద్దుటే ఇంత తేలిగ్గా అయిపోయేది.

ఆస్పత్రికి వెళ్ళేసరికి మరిది గుమ్మంలోనే ఉన్నాడు. "మూడింటి దాకా మాట్లాడింది వదినా" అన్నాడు. శాంతి కళ్ళు తెరిచే ఉంది, మాట పోయింది. నాతో ఏం చెప్పాలనుకుందో ఇక నాకు ఎప్పటికీ తెలియదు, ఆ దిగులు నన్ను తినేస్తూనే ఉంది, తీరిపోయిందని మీ ముందు అబద్ధం చెప్పను.

కానీ నా నోరు విడిపించబడింది, దేవునికే మహిమ. తన చెయ్యి పట్టుకుని, "నువ్వు వెళ్ళిపోతున్నావని తెలుసే. నేనిక్కడే ఉన్నాను, భయపడకు" అన్నాను. గదిలో ఎవరో ఉలిక్కిపడ్డారు. శాంతి నా వేళ్ళు నొక్కింది, కంటి చివర నుంచి నీళ్ళు కారాయి, అన్నాళ్ళుగా బిగబట్టిన మొహం వదులైంది. అప్పుడు మా అమ్మ, చావు అన్న మాటే ఇంట్లోకి రానివ్వని మా అమ్మ, బిడ్డ పాదాల దగ్గర మోకరించింది. "ప్రభువా, దీన్ని ఆపడం నా వల్ల కాదు, నీ చేతికిస్తున్నాను, జాగ్రత్తగా తీసుకెళ్ళు తండ్రీ" అని ప్రార్థించింది. తెల్లారాక శాంతి ప్రశాంతంగా ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయింది.

నా కాళ్ళు బాగుచేయలేదేమని మీరు అడగొచ్చు. నేనూ అడుగుతున్నాను, ఆయన ఇంకా జవాబు చెప్పలేదు. అయినా నా చెల్లిని అబద్ధాల మధ్య ఒంటరిగా పోనివ్వలేదు, అందుకు బతికున్నంతకాలం ఆయనకు నా స్తోత్రం.

ఇప్పుడు కాపరి గారు అవసరం ఉన్నవాళ్ళను ముందుకు రమ్మంటారు. వచ్చేవాళ్ళు రండి. రాలేనివాళ్ళు, బాగున్నామండీ అని అందరికీ చెప్పీ చెప్పీ అలసిపోయి వెనక వరసల్లో కూర్చున్నవాళ్ళు ఉంటే, మీరు లేవొద్దు. చెయ్యి కొంచెం ఎత్తండి చాలు, ఈ కుర్చీ తోసుకుంటూ నేనే మీ దగ్గరకొస్తాను, ఇద్దరం కలిసి ఆయనకు ఉన్నదున్నట్టు చెబుదాం.